గచ్చు కిందా, సీలింగ్ పైనా: ఇంటి మరమ్మతులపై మీ ప్రశ్నలు

ప్రశ్న: మా ఫ్లాట్ కట్టి పన్నెండేళ్లయింది. మా బాత్రూం కింద ఉన్నవాళ్లకి సీలింగ్‌లోంచి నీళ్లు కారుతున్నాయి. ప్లంబర్ రెండుసార్లు వచ్చి టైల్స్ సందుల్లో వైట్ సిమెంట్ నింపాడు. నెల రోజులు ఆగి మళ్లీ మొదలైంది. మొత్తం పగలగొట్టాల్సిందేనా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: పగలగొట్టే ముందు నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో తేల్చుకోండి. మూడే చోట్లు: గోడలోని నీళ్ల పైపు, నహానీ ట్రాప్ (గచ్చు మీది నీళ్లు బయటికి పోయే జాలీ కింది గిన్నె) జాయింటు, గచ్చు. ముందుగా నాలుగు రోజులు ఆ బాత్రూం ఎవరూ వాడకండి, కానీ దానికి వెళ్లే వాల్వ్ మాత్రం తెరిచే ఉంచండి. అయినా కింద చినుకు తగ్గకపోతే గోడలో పైపు కారుతున్నట్టు, ఎక్కువసార్లు గీజర్ వేడినీళ్ల లైను జాయింటే. ఒకటి రెండు రోజులకే తేల్చేయకండి. గచ్చు కింది పూడికలో నిలిచిన నీళ్లు దిగడానికి సమయం పడుతుంది.

చినుకు ఆగితే, ట్రాప్ నోట్లో గుడ్డ, పాలిథిన్ కలిపి బిగించి, గచ్చు మీద అంగుళం నీళ్లు 24 గంటలు నిలపండి. అప్పుడు కారితే తప్పు గచ్చుది. కారకపోతే గుడ్డ తీసి, నాలుగైదు బకెట్లు నేరుగా ట్రాప్‌లోకి పోయండి. వెంటనే కారితే తప్పు ట్రాప్‌ది లేదా దాని కింది పైపుది.

వైట్ సిమెంట్ ఎందుకు నిలవలేదంటే, టైల్ సందు నీళ్లను ఆపేది కాదు. ఆపాల్సింది కింద శ్లాబు మీద వేసిన పూత. పాత ఫ్లాట్లలో బాత్రూం శ్లాబును తొమ్మిది అంగుళాల నుంచి అడుగు దాకా దించి, ఆ గుంటను ఇటుక ముక్కలతో పూడ్చేవారు. సందుల్లోంచి దిగిన నీళ్లు అందులో తొట్టెలా నిండి, శ్లాబులో బలహీనమైన చోటు వెతుక్కుంటాయి. కింది ఫ్లాట్ వైపు నుంచి రసాయనం ఎక్కించినా తొట్టె ఖాళీ కాదు. నీళ్లు మరో చోట తేలతాయి, ఈలోగా లోపలి కడ్డీ తుప్పుపట్టి కాంక్రీటు పెచ్చులూడుతుంది.

గచ్చుదే తప్పని తేలితే మాత్రం పని సగంలో వదలకండి. టైల్స్, పూడిక అంతా తీసి శ్లాబు దాకా వెళ్లాలి. గోడ టైల్స్ కింది అడుగు మేర, షవర్ వైపు ఆరడుగుల దాకా తీయాలి. పైపులు దిగే రంధ్రాల చుట్టూ కుంచించుకుపోని గ్రౌట్ నింపాలి. గోడా శ్లాబూ కలిసే మూలను రెండంగుళాల మేర సిమెంటుతో గుండ్రంగా తిప్పాలి. లంబకోణంగా వదిలితే పూత అక్కడే చిట్లుతుంది. ఆ తర్వాత పాలిమర్ కలిపిన సిమెంట్ పూత రెండు కోట్లు: మొదటిది నిలువుగా, ఆరాక రెండోది అడ్డంగా, మూలల్లో ఫైబర్ జాలీ పరిచి. పూత పూర్తిగా గట్టిపడ్డాక 48 గంటలు నీళ్లు నిలిపి, కిందివాళ్ల సీలింగ్‌ను స్వయంగా చూసి రండి. పైపులు వేసి, సిండర్ (కాలిన బొగ్గు కిట్టం) లాంటి తేలిక సరుకుతో పూడ్చాక, టైల్ కింది గచ్చు మీద మరోసారి పూత, మరోసారి నీళ్ల పరీక్ష.

గచ్చు మీద నీళ్లు ట్రాప్ వైపు జారే వాటం మీటరుకు 12 మి.మీ. ఉండాలి. అయిదడుగుల బాత్రూంలో ఈ చివరి నుంచి ఆ చివరికి ముప్పావు అంగుళం. మేస్త్రీ కంటిచూపును నమ్మకుండా రసమట్టం పెట్టించండి. గడప రాయి కింద కూడా పూత వెళ్లాలి. అక్కడ వదిలేస్తే పడకగది గోడ అడుగున చెమ్మ పొంగి పుట్టీ రాలుతుంది. నాలుగు రోజుల్లో అంతా ముగిస్తామనే కాంట్రాక్టరు నీళ్ల పరీక్షలు ఎగ్గొట్టబోతున్నాడని అర్థం. అలాంటివారికి పని ఇవ్వకండి.

ప్రశ్న: కొత్త హైరైజ్‌లో ఫ్లాట్ కొన్నాం. వంటగదికీ హాలుకీ మధ్య గోడ తీసేద్దామంటే మేస్త్రీ సరేనన్నాడు. ప్రమాదం ఉంటుందా?
– గచ్చిబౌలి నుంచి

జవాబు: ఆ మాట చెప్పాల్సింది మేస్త్రీ కాదు, స్ట్రక్చరల్ డ్రాయింగ్. బిల్డర్‌ను అడిగి తీసుకోండి. ఈమధ్య కడుతున్న ఎత్తైన భవనాల్లో చాలావాటికి అల్యూమినియం అచ్చుల్లో గోడలూ శ్లాబూ ఒకేసారి పోస్తారు. మివాన్ అంటున్నది దీన్నే. ఆ గోడలే బరువు మోస్తాయి. గదుల్లో ఎక్కడా దూలం, స్తంభం పొడుచుకు రాకపోతే, మేకు దిగకపోతే అనుమానించాల్సిందే. అలాంటి గోడను తీయడమే కాదు, వైర్ల కోసం అడ్డంగా గాడి కొట్టడం కూడా తప్పే. లోపలి కడ్డీల మీద ఉండే కాంక్రీటు మందం చాలా తక్కువ. కొత్త స్విచ్ కావాలంటే గోడ మీద ప్యానెల్ బిగించి, దాని వెనక వైరు పైపు పరిపించండి.

దూలాలూ స్తంభాల మధ్య కట్టిన నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ అయితే, ఇంజనీరు సంతకంతో తీయొచ్చు. పై వరస నుంచి కిందికి దించుకుంటూ రావాలి. గోడను ఒక్కసారిగా పడదోయకూడదు. పది అడుగుల పొడవు, తొమ్మిది అడుగుల ఎత్తున్న గోడ ప్లాస్టర్‌తో కలిపి రెండు టన్నుల దాకా తూగుతుంది. ఇంటి శ్లాబును మామూలుగా చదరపు మీటరుకు 200 కిలోల వాడకపు బరువుకు లెక్కగడతారు. ఆ శిథిలమంతా ఒక మూల పోగేస్తే లెక్క దాటిపోతుంది. ఏ రోజుది ఆ రోజే కిందికి దించండి.

ప్రశ్న: మాది 1,200 చదరపు అడుగుల ఆఫీసు. క్లయింట్లతో మాట్లాడే క్యాబిన్‌కు 12 మి.మీ. గాజు పెట్టాం. అయినా లోపలి మాటలు బయటి టేబుళ్ల దాకా వినిపిస్తున్నాయి. గాజు మార్చాలా?
– ఒక ఆడిటర్, విజయవాడ

జవాబు: గాజును ఇప్పుడే అనుమానించకండి. సీలింగ్ టైల్ ఒకటి ఎత్తి పైకి చూడండి. మీ పార్టిషన్ ఫాల్స్ సీలింగ్ దగ్గరే ఆగిపోయి ఉంటే మాటలు పైనుంచి వెళ్తున్నాయి. మినరల్ ఫైబర్ టైల్ గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తుంది, పక్క గదికి వెళ్లే శబ్దాన్ని పెద్దగా ఆపలేదు. ఈ రెండూ వేరువేరు పనులు. ఫోమ్ షీట్లు అతికించినా ఇదే సంగతి, డబ్బు వృథా.

సీలింగ్ పైన శ్లాబు దాకా అడ్డు కట్టించండి. 50 మి.మీ. స్టీలు స్టడ్లు (నిలువు చట్రపు కడ్డీలు), మధ్యలో ఘనపు మీటరుకు 48 కిలోల సాంద్రత గల 50 మి.మీ. రాక్‌వూల్ (రాతి నుంచి తీసిన దూది లాంటి పలక), రెండు వైపులా 12.5 మి.మీ. జిప్సం బోర్డు. వీలైతే ఒక్కో వైపు రెండేసి బోర్డులు, కీళ్లు ఒకదానిమీద ఒకటి రాకుండా. శ్లాబును తాకే అంచునూ, వైర్లు దూరే రంధ్రాలనూ సీలెంట్‌తో మూసేయాలి. వేలు పట్టేంత సందు మిగిలినా చేసిన ఖర్చులో సగం పోయినట్టే. రెండు గదులకూ ఒకే ఏసీ డక్ట్ వెళ్తుంటే అదీ ఒక దారే, లోపల శబ్దం పీల్చే లైనింగ్ వేయించండి.

ఇంతకంటే ముందు, చవగ్గా అయ్యే పని ఒకటుంది. తలుపు కింది సందుకు, తలుపు మూయగానే దిగి నేలను తాకే డ్రాప్ సీల్, గాజు పలకల మధ్య సిలికాన్ పెట్టించి వారం రోజులు వినండి.

ప్రశ్న: సింక్ కింది అల్మారాకు వాటర్‌ప్రూఫ్ ప్లై అన్నారు, రెండేళ్లకే ఉబ్బింది.
– వరంగల్ నుంచి

జవాబు: వాటర్‌ప్రూఫ్ అనే మాటకు విలువ లేదు, ప్లై మీది ఐఎస్ (భారతీయ ప్రమాణం) ముద్ర చూడాలి. సింక్ కింద ఐఎస్ 710 మెరైన్ ప్లై, 18 మి.మీ. వాడండి. ఐఎస్ 303 ముద్రలో, గాలిలోని చెమ్మను తట్టుకున్నా నీళ్లలో నానితే నిలవని ఎంఆర్ రకమూ ఉంటుంది. అయితే మంచి ప్లై కూడా కోసిన అంచు నుంచే నీళ్లు తాగుతుంది. పైపు కోసం చేసిన రంధ్రాల అంచులకు సీలెంట్ రాయించి, డబ్బాను నాలుగంగుళాల పీవీసీ కాళ్ల మీద నిలబెట్టండి.

ప్రశ్న: హాల్లో పాత టైల్స్ తీయకుండా వాటిమీదే కొత్తవి వేయొచ్చా?
– విశాఖపట్నం నుంచి

జవాబు: పాతవి గట్టిగా ఉంటే వేయొచ్చు. ప్రతి టైల్‌నూ కర్రతో తట్టండి. డొల్లగా మోగినవి తీసి, ఆ గుంతలు మోర్టార్‌తో సమం చేయాలి. విట్రిఫైడ్ టైల్ నీటిని దాదాపు పీల్చదు కాబట్టి సిమెంట్ పాలు దానికి పట్టవు. ఐఎస్ 15477 ముద్ర ఉండి, టైల్ మీద టైల్‌కు పనికొస్తుందని సంచిమీద రాసిన అడ్హెసివ్ తీసుకుని, పళ్ల కరణితో పరిపించండి. నాలుగు మూలలా ముద్దలు పెట్టి అతికిస్తే నడుమ బోలు మిగిలి, బరువైన సామాను జరిపినప్పుడు పగులుతుంది. టైల్‌కీ టైల్‌కీ 2 మి.మీ. స్పేసర్, గోడ చుట్టూ స్కర్టింగ్ కింద 5 మి.మీ. ఖాళీ తప్పనిసరి. ఆ ఖాళీ లేకపోతే ఎండకు వ్యాకోచించిన టైల్స్ ఒకదాన్నొకటి నెట్టుకుని గుడారంలా లేస్తాయి. కొత్త టైల్స్ వేశాక నేల ఎత్తు అర అంగుళానికి పైగా పెరుగుతుంది. తలుపుల అడుగులు కోయించే పని ముందే వడ్రంగికి చెప్పి ఉంచండి.