కోడ్ రియలైజ్ గేమ్‌లో లుపిన్ రూట్ ఓపెన్ అవ్వట్లేదా

ఈ గేమ్ హీరోల్లో ఒకడైన లుపిన్‌కి నచ్చే ఆన్సర్లే ఏరి ఏరి నొక్కినా అతని కథలోకి వెళ్ళట్లేదంటే తప్పు మీ ఆన్సర్లది కాదండీ, ఆ రూట్‌కి, అంటే అతనితో సాగే కథకి, తాళం ఉంది.

1. ముందు వాన్ హెల్సింగ్, విక్టర్, ఇంపీ, సాన్ జెర్మాన్ ఈ నలుగురు హీరోల రూట్లూ పూర్తి చేయాలి.
2. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. పూర్తి అంటే గుడ్ ఎండింగ్, మధ్యలో హీరోయిన్ కార్డియా చనిపోయి పేర్లు పడితే అది లెక్కలోకి రాదు, నేనూ విక్టర్ దగ్గర అలాగే అయిపోయిందనుకుని రెండ్రోజులు జుట్టు పీక్కున్నా.
3. 8వ చాప్టర్ దాకా కథ అందరికీ దాదాపు ఒకటే, చదివేసింది స్కిప్ కొట్టేయండి, ఛాయిస్ వచ్చిన ప్రతిచోటా వేరే స్లాట్‌లో సేవ్ పెట్టుకోండి.
4. నాలుగూ అయ్యాక కొత్త గేమ్ మొదలుపెట్టి అప్పుడు లుపిన్ వైపు నొక్కండి. కార్డియా ఒంట్లో విషం సంగతి అసలు తేలేది అక్కడే, అందుకే చివర్లో దాచారు.