డాక్టర్ సలహా: కోవిడ్ టీకా వేయించుకున్నాను, ఇప్పుడు గుండెకు ముప్పు ఉందా?

ప్రశ్న: నా వయసు 41. మేం గాజువాకలో ఉంటాం. 2021లో పనిచేసే చోట అడగడంతో కోవిషీల్డ్ రెండు డోసులు వేయించుకున్నాను. ఎంత చెప్పినా వేయించుకోని మా తమ్ముడు బాగానే ఉన్నాడు. జిమ్‌లో కుప్పకూలిన వారి వీడియోలు చూసినప్పుడల్లా తొందరపడ్డానేమోనని నిద్ర పట్టడం లేదు. రక్తంలో గడ్డల ఆనవాలు చూసే డి-డైమర్ పరీక్ష చేయించుకోవాలా? ఈ భయంతోనే నా భార్య మా తొమ్మిది నెలల పాపకు టీకా వద్దంటోంది.

జవాబు: మీ భయానికి ఆధారం బొత్తిగా లేదని నేను అనను. కోవిషీల్డ్ అంటే బ్రిటన్‌లో ఆస్ట్రాజెనెకా పేరుతో వేసిన టీకాయే. ఈ టీకా తీసుకున్న వారిలో చాలా అరుదుగా రక్తం గడ్డకట్టడం, దాంతోపాటే ప్లేట్‌లెట్లు పడిపోవడం జరిగిన మాట నిజం. బ్రిటన్‌లో 50 ఏళ్లలోపు వారిలో సుమారు 50,000 మందికి ఒకరిలో ఈ సమస్య కనిపించింది. చిన్న వయసు వారికే ముప్పు ఎక్కువని తేలాక, 2021 మే నెలలోనే అక్కడ 40 ఏళ్లలోపు వారికి వేరే టీకా ఇవ్వాలని సూచించారు. 2024లో ఆస్ట్రాజెనెకా సంస్థ కోర్టు పత్రాల్లో ఒప్పుకున్నది ఈ సంగతినే తప్ప, కొత్తగా బయటపడిన రహస్యాన్ని కాదు. మీరు ముఖ్యంగా గమనించాల్సింది, ఈ సమస్య సాధారణంగా టీకా తీసుకున్న నాలుగో రోజు నుంచి ఆరు వారాల లోపే బయటపడుతుంది. మీ విషయంలో ఆ గడువు దాటి ఏళ్లు గడిచాయి.

అందుకే డి-డైమర్ వద్దని గట్టిగా చెబుతున్నాను. కాలు వాచి, ఊపిరి అందక వచ్చిన రోగికి ఎక్కడైనా గడ్డ ఉందేమో తేల్చుకోవడానికి ఆ పరీక్ష మాకు ఉపయోగపడుతుంది. కానీ వయసు పెరిగినా, ఇన్ఫెక్షన్ వచ్చినా, దెబ్బ తగిలినా ఆ అంకె పెరుగుతుంది. ఏ బాధా లేని మనిషి సొంతంగా ల్యాబ్‌కు వెళ్లి, రిపోర్టులో ముద్ద అక్షరాల్లో అచ్చయిన అంకె చూసి బెంబేలెత్తి, ఎవరో చెప్పారని రక్తం పలచబడే మాత్రలు మొదలుపెడితే, లేని జబ్బుకు వాడిన మందు వల్ల పళ్లు తోముకుంటున్నప్పుడు చిగుళ్ల నుంచి నెత్తురు కారే పరిస్థితి రావచ్చు.

ఇక ఆకస్మిక మరణాల సంగతి. దేశంలో 47 ఆసుపత్రుల సమాచారంతో 18–45 ఏళ్ల వారిలో ఈ మరణాలను పరిశీలించి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో ఫలితాలు ప్రచురించింది. టీకా వల్ల ముప్పు పెరగలేదని, రెండు డోసులు తీసుకున్న వారిలో అది తక్కువగానే ఉందని తేలింది. కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరడం, కుటుంబంలో ఇలాంటి మరణాలు ఉండటం, చనిపోవడానికి ముందు రెండు రోజుల్లో అతిగా మద్యం తాగడం లేదా తీవ్రంగా శ్రమపడటం ముప్పును పెంచాయి. కాబట్టి మీరు బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, ఈసీజీ చేయించుకోండి. పొగాకు అలవాటుంటే మానేయండి. మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేసినట్లున్నా, స్పృహ తప్పినా వాయిదా వేయకుండా వైద్యుడిని కలవండి.

మీ తమ్ముడిని నేను తప్పుపట్టను. టీకా లేకుండా బాగానే ఉన్నవారు చాలామంది ఉన్నారు, ఆయన వారిలో ఒకరు. అయితే మీ నిర్ణయాన్ని కూడా అప్పటి రోజుల్లో ఉంచి చూడండి. ఆ ఏప్రిల్, మే నెలల్లో మన కేజీహెచ్, విమ్స్‌లలో ఆక్సిజన్ పడక కోసం జనం ఎంత అల్లాడారో విశాఖ వాసిగా మీకు తెలియనిది కాదు. ఊపిరితిత్తుల్లో గడ్డలు, గుండె కండరానికి వాపు టీకా కంటే కోవిడ్ జబ్బు వల్లే ఎంతో ఎక్కువగా వచ్చాయి. ఆ ముప్పును తగ్గించుకోవడానికి మీరు అడుగు వేశారు. అది తొందరపాటు కాదు.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది పాప విషయమే. తొమ్మిది నెలలకు వేసే తట్టు, రుబెల్లా టీకాకూ కోవిషీల్డ్‌కూ సంబంధం లేదు. అది దశాబ్దాలుగా కోట్ల మంది పిల్లలకు వేస్తున్న తట్టు టీకాకు రుబెల్లాను చేర్చినది. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఈ వయసుకు తరిగిపోతుంది. తట్టు సోకితే న్యుమోనియాకు, అరుదుగా మెదడువాపుకు కూడా దారితీస్తుంది. మీ శ్రీమతితో వాదించకండి, ఆవిడ భయం బిడ్డ మీద ప్రేమతో పుట్టిందే. ఇద్దరూ టీకా కార్డు తీసుకుని మీ వార్డు ఏఎన్ఎం దగ్గరికో, పిల్లల వైద్యుడి దగ్గరికో వెళ్లి, ఆవిడ సందేహాలను ఆవిడనే అడగనివ్వండి. టీకా వేసిన వారం, పది రోజులకు కొద్దిపాటి జ్వరం, పలచగా దద్దుర్లు రావచ్చు. అవి రెండు మూడు రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. జ్వరానికి పారాసిటమాల్ ఎంత ఇవ్వాలో పాప బరువును బట్టి ముందే అడిగి రాయించుకోండి.

— జనరల్ ఫిజీషియన్, విశాఖపట్నం