బస్తీ పత్రిక పెడతానన్న చిన్నికి

చిన్నీ,

నీ మెసేజ్ మూడుసార్లు చదివాను. సుల్తాన్‌బజార్ నుంచి నెలకొకసారి నాలుగు పేజీల పత్రిక తెస్తాననీ, అందులో మన గల్లీల వార్తలు, రాజకీయాలు, పాత చరిత్ర ఉంటాయనీ రాశావు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ముప్పై ఏళ్ళు ఆ గల్లీల్లోనే విలేకరిగా తిరిగాను. ఇప్పుడు వనస్థలిపురంలో కూర్చున్నా పొద్దున లేవగానే మనసు కోఠీ చౌరస్తాకే పోతుంది. నువ్వు అడిగినందుకు నాకు తెలిసింది రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

అన్నిటికన్నా ముందు హద్దులు నేర్చుకో. మీ గల్లీ చివర రోడ్డు మీద మురుగు పొంగుతోందనుకో. "అధికారులు పట్టించుకోవడం లేదు" అని రాస్తే ఆ వార్త ఎవరికీ తగలదు. ఏ అధికారులు? మురుగునీటి మ్యాన్‌హోల్ అయితే జలమండలిది. వాననీటి కాలువ, నాలా అయితే బల్దియాది, అంటే మునిసిపల్ కార్పొరేషన్‌ది. తవ్వి పూడ్చకుండా వదిలేసిన గుంత అయితే తవ్వింది కరెంటు వాళ్ళో, ఫోన్ కేబుల్ వాళ్ళో, నీళ్ళ వాళ్ళో కనుక్కోవాలి. ఆ మూత దగ్గర నిలబడి చూడు, లైన్‌మన్‌ను అడుగు, ఆ తర్వాత బాధ్యత ఉన్న ఇంజనీరు హోదా రాసి వార్త వెయ్యి. అప్పుడు ఆయన తప్పించుకోలేడు. నేను ఉద్యోగంలో చేరిన మొదటి రెండేళ్ళు ఈ తేడా తెలియకుండానే వార్తలు రాశాను. చదివినవాళ్ళు నిట్టూర్చారు తప్ప ఒక్క మూత కూడా మారలేదు.

మన బస్తీ చరిత్ర కూడా హద్దుల చరిత్రే. 1933 దాకా అది రెసిడెన్సీ బజార్లలో భాగం. నిజాం రాజ్యం మధ్యలో ఉన్నా అక్కడ పెత్తనం బ్రిటిష్ రెసిడెంటుది. ఆ ఏడాది నిజాంకు తిరిగి అప్పగించాకే సుల్తాన్‌బజార్ అన్న పేరు వచ్చింది. చాదర్‌ఘాట్ మునిసిపాలిటీ హైదరాబాద్ మునిసిపాలిటీలో కలిసిందీ ఆ ఏడాదే. నువ్వు రోజూ చూసే మహిళా విశ్వవిద్యాలయంలోని ఆ పెద్ద స్తంభాల భవనమే అప్పటి రెసిడెన్సీ. 1857 జూలై 17న తుర్రెబాజ్‌ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనంతో వచ్చి దాడి చేసింది దాని మీదే. కోఠీ బస్టాండు దగ్గర తుర్రెబాజ్‌ఖాన్ స్మారకం ఉంది, చూసే ఉంటావు. దాని పక్కన నిలబడి బస్సు కోసం ఎదురుచూసే పది మందిని ఆయన ఎవరని అడుగు. వాళ్ళు ఏం చెబుతారో అది నీ మొదటి సంచికలో వెయ్యదగిన ఐటమ్.

నిజాం ఏలుబడిలో సభ పెట్టాలన్నా పత్రిక తేవాలన్నా ఎన్నో ఆంక్షలు. రెసిడెన్సీ బజార్లలో ఆ పట్టు కొంత సడలేది. అందుకే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో ఈ చుట్టుపక్కలే పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు, వీళ్ళంతా కలిసి నిలబెట్టిన గ్రంథాలయం అది. అక్కడికి వారానికి ఒక పూట తప్పకుండా వెళ్ళు. పాత పత్రికలు తిరగెయ్యి. అట్ట మీద ఏముందో కాదు, లోపలి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉన్న ప్రకటనలు, సభల నోటీసులు చదువు. ఏ దుకాణం ఎప్పుడు మొదలైందో, ఏ వీధిని అప్పుడు ఏమని పిలిచేవారో అక్కడ దొరుకుతుంది.

వివేకవర్ధిని విద్యాసంస్థ గేటు ముందు నుంచి నువ్వు స్కూలుకు నడిచేదానివి, గుర్తుందా? 1921 నవంబర్‌లో అక్కడి థియేటర్‌లో మహర్షి కార్వే అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగింది. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలు సాగాయి. ఆలంపల్లి వేంకటరామారావు గారు లేచి తెలుగులో మాట్లాడబోతే చప్పట్లు కొట్టి, గోల చేసి ఎగతాళి చేశారు. ఆ రాత్రే టేకుమాల రంగారావు గారి ఇంట్లో కొందరు కూర్చుని తెలుగువాళ్ళ కోసం ఆంధ్ర జనసంఘం పెట్టారు. ఆ ఉద్యమాన్ని నడిపించిన మాడపాటి హనుమంతరావు గారే తర్వాత 1951లో హైదరాబాద్ తొలి మేయర్ అయ్యారు. నాకు ఇది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఒక సభలో పడ్డ అవమానం, ఒక ఇంట్లో పెట్టుకున్న మీటింగు, ముప్పై ఏళ్ళకు ఒక మేయర్. ఆ రోజు ఆ సభ వార్త ఎవరో ఒకరు పూసగుచ్చినట్టు రాసిపెట్టకపోతే మనకు ఈ సంగతి తెలిసేదా? నువ్వు రేపు ఏదో కాలనీ సంఘం మీటింగుకు వెళ్ళి విసుగు పుట్టినప్పుడు దీన్ని గుర్తుపెట్టుకో. ఎవరు ఏ భాషలో మాట్లాడారో, ఎవరు మధ్యలో లేచి వెళ్ళిపోయారో అది కూడా రాసుకో.

కాగితాల సంగతి. మూసీ వరద 1908 సెప్టెంబర్ 28న వచ్చింది. ఆ తర్వాత నగరాన్ని కొలిచి పటాలు గీశారు. లియొనార్డ్ మన్ అనే ఆయన ఆధ్వర్యంలో 1912 నుంచి 1915 వరకు చేసిన ఆ పటాల్లో ఇళ్ళు, బావులు, గుళ్ళు, మసీదులు కూడా ఉంటాయి. ఇప్పుడవి ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. మీ ఇంటి చుట్టూ ఉన్న షీటు ఒకటి తీసి పెద్దగా ప్రింట్ వేయించు. దాన్ని చేత్తో పట్టుకుని నడువు. ఎక్కడ బావి ఉండేదో అక్కడ ఇప్పుడు ఏముందో రాసుకుంటూ పో. వానాకాలంలో ఏ సెల్లారులో నీళ్ళు ఊరతాయో అడిగి ఆ పటం పక్కన పెట్టి చూడు. వార్తా దొరుకుతుంది, చరిత్రా దొరుకుతుంది.

ఇంటి నంబర్లను కూడా చదవడం నేర్చుకో. మొదటి అంకె పాత వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. బైనంబరు ఉంటే ఆ ఇల్లు ఎప్పుడో ముక్కలైందని అర్థం. అన్నదమ్ములు విడిపోయారో, వెనక వాటా అమ్మారో అడిగితే చెబుతారు. పాత దస్తావేజులు చూపిస్తే తేదీలు ఫసలీలో, అంటే నిజాం కాలపు సంవత్సరాల లెక్కలో, ఉంటాయి. దానికి 590 కానీ 591 కానీ కలిపితే మన సంవత్సరం వస్తుంది, నెలను బట్టి. ఉర్దూ చదవడం నీకు రాదు కదా, కోఠీలో పాత పుస్తకాల దుకాణాల దగ్గర చదివిపెట్టే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. సిగ్గుపడకుండా అడుగు. ఒకరు చదివింది ఇంకొకరితో కూడా చదివించు.

పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు "చరిత్ర చెప్పండి" అనకు. అలా అడిగితే ఎక్కడో చదివిందే చెబుతారు. నల్లా నీళ్ళు ఎన్ని గంటలకు వచ్చేవని అడుగు. పోలీస్ యాక్షన్ రోజుల్లో ఇంట్లో బియ్యం ఎక్కడ దాచారని అడుగు. 1969లో కాలేజీలు మూసినప్పుడు మీ అన్నయ్య ఎక్కడున్నాడని అడుగు. మాట తనంతట తానే వస్తుంది. మన బస్తీలో తెలుగు ఒక్కటే కాదు. ఉర్దూ, మరాఠీ, గుజరాతీ, మార్వాడీ, కన్నడ ఇళ్ళున్నాయి. ఒక్క తెలుగువాళ్ళ జ్ఞాపకాలతో నింపేస్తే అది సుల్తాన్‌బజార్ పత్రిక కాదు. 1921లో మనవాళ్ళకు జరిగింది మనం ఇంకొకరికి చెయ్యకూడదు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. నువ్వు అడగలేదు, కానీ చెప్పాలి. చాలా ఏళ్ళ కింద ఒక కార్యకర్త నాకు ఒక జాబితా ఇచ్చాడు. ఫుట్‌పాత్ ఆక్రమించిన దుకాణాలట. అందులో ఒక టైలరు దుకాణం ఉంది. నేను ఆ టైలరు వెర్షన్ తీసుకోకుండా, ఆయన పేరుతో సహా ఐటమ్ ఇచ్చేశాను. ఫోటో కూడా పడింది. రెండు రోజుల తర్వాత ఆయన ప్లాస్టిక్ సంచిలో పాత కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ఆ దుకాణం వాళ్ళ నాన్న పేరుతో పక్కాగా మంజూరైనదే. ఆయన నన్ను తిట్టలేదు. "సార్, మా అల్లుడు పేపర్ చూసి ఫోన్ చేశాడు" అన్నాడు, అంతే. సవరణ వేయించాను. లోపలి పేజీలో నాలుగు లైన్లు. మొదటి వార్త చదివినవాళ్ళలో ఎంతమంది ఆ నాలుగు లైన్లు చూసి ఉంటారు? ఆ దుకాణం ముందు నుంచి నడిచినప్పుడల్లా నా కాళ్ళు బరువెక్కేవి. నీ పత్రికలో ఎవరి మీద ఆరోపణ వచ్చినా ఆ మనిషిని కలవకుండా అచ్చు వెయ్యకు. కలిసినప్పుడు కాగితం అడుగు, చూడు, ఫోటో తీసుకో. సవరణ వెయ్యాల్సి వస్తే తప్పు పడిన పేజీలోనే, అంతే పెద్ద అక్షరాల్లో వెయ్యి. నీ పత్రిక నీదే కాబట్టి నిన్ను ఎవరూ ఆపరు.

రాజకీయాల దగ్గరికి వస్తే, మన కార్పొరేటరు, ఎమ్మెల్యే ఎవరైనా సరే, వాళ్ళతో మర్యాదగా ఉండు, దూరంగా ఉండు. శిలాఫలకం వార్త అందరూ వేస్తారు. నువ్వు ఆరు నెలల తర్వాత మళ్ళీ అక్కడికి వెళ్ళు. పని జరిగిందా అని చూడు. సందేహం ఉంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టు. ఫీజు పది రూపాయలు, 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే ఇంకో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు. "రోడ్డు గురించి వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఏమీ రాదు. ఎస్టిమేటు, వర్క్ ఆర్డరు, ఎం.బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) నకళ్ళు అని విడివిడిగా రాయి. ఎం.బుక్‌లో ఎంత పొడవు, ఎంత మందం వేశామని రాసుకున్నారో ఉంటుంది. టేపు పట్టుకుని నువ్వే కొలిచి చూడు. పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు కూడా అదే చట్టం ఇచ్చింది, చాలామందికి తెలియదు.

పండక్కి లీడర్ల శుభాకాంక్షల ప్రకటనలు వస్తాయి. మొదటి ఏడాది తీసుకోకు. డబ్బులు తక్కువైతే నాకు చెప్పు, నాలుగు పేజీలు రెండు చేసుకో, ఫర్వాలేదు. కవర్లు ఇచ్చేవాళ్ళు వస్తారు, ఆడపిల్లవని చీర పెట్టేవాళ్ళు కూడా వస్తారు. వద్దని చెప్పి టీ తాగి వచ్చెయ్. గ్రేటర్ ఎన్నికల్లో 2020 డిసెంబర్‌లో ఓటేసినవాళ్ళు నగరంలో సగం మంది కూడా లేరు. వార్డు గీతలు మారినప్పుడల్లా తమ గల్లీ ఎవరి కిందికి పోయిందో తెలియని ఇళ్ళు ఎన్నో. ఆ గీత ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో ఒక చిన్న బొమ్మ వేసి ఇస్తే నీ పత్రిక ప్రతి ఇంట్లో గోడకు అంటించుకుంటారు.

మెట్రో గొడవ నీకు లీలగా గుర్తుండి ఉంటుంది. బజారు మీదుగా పిల్లర్లు వస్తే దుకాణాలు పోతాయని వ్యాపారులు ఏళ్ళ తరబడి పోరాడారు. దారి మారుస్తామన్నారు, చివరికి లైను బజారు మీదుగానే వచ్చింది. 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్టేషన్ నుంచి ఎంజీబీఎస్ దాకా రైలు మొదలైంది. పోయిన దుకాణాల ముందరి భాగాల ఫోటోలు ఎవరి దగ్గరున్నాయి? నా దగ్గర తొమ్మిదే ఉన్నాయి. నాకు ఇప్పటికీ బాధ అది. పోరాటం గురించి వందల ఐటమ్‌లు రాశాం కానీ ఆ బజారు ఎలా ఉండేదో రాసిపెట్టలేదు. ప్రతి నెలా ఒక గల్లీని రెండు వైపులా వరసగా ఫోటోలు తీసి తేదీ వేసి దాచు. అచ్చు వెయ్యనక్కర లేదు, దాచు చాలు.

ఒక్క సంగతి జాగ్రత్త. 2007 ఆగస్టు 25 సాయంత్రం గోకుల్ చాట్ దగ్గర బాంబు పేలినప్పుడు నేను అక్కడికి నడిచి వెళ్ళాను. లుంబినీ పార్కులో పేలినదీ కలిపి నలభై మందికి పైగా పోయారు. ఆ రాత్రి ఫోన్లలో వచ్చిన పుకార్లలో సగం నిజమైనా ఊరు తగలబడేది. అప్పుడు వాట్సాప్ లేదు. ఇప్పుడు ఉంది. అలాంటి రోజు వస్తే, రాకూడదు కానీ వస్తే, కళ్ళారా చూసింది తప్ప ఒక్క ముక్క పంపకు. పోయినవాళ్ళ ఇంటికి మొదటి రోజు కెమెరాతో వెళ్ళకు. నెల తర్వాత వెళ్ళు, పండ్లు తీసుకుని వెళ్ళు.

పత్రిక రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లోనే చెయ్యాలి. 2024 మార్చి నుంచి కొత్త చట్టం అమల్లో ఉంది. పేరు ఖరారయ్యాకే అచ్చుకు వెళ్ళు. తెలిసిన ఆడిటరును అడుగుతాను, ఆ టెన్షన్ పెట్టుకోకు.

అచ్చులో పేర్లు, వయసులు, డబ్బు లెక్కలు మూడుసార్లు సరిచూడు. మన పక్క బజారు బడీచౌడీని ఒక చోట బడీచౌడీ అనీ ఇంకో చోట బడిచౌడి అనీ రాయకు. చదివేవాళ్ళు ఆ ఊరివాళ్ళే, వెంటనే పట్టుకుంటారు.

నా పాత డైరీలు ఇనప్పెట్టెలో ఉన్నాయి. ఆదివారం ఆటోలో పంపిస్తాను, పద్దెనిమిది ఉంటాయి, లెక్కపెట్టుకో. ఈలోగా గుజరాతీ గల్లీలో మనం పాల కోసం వెళ్ళే ఇంటి పై వాటాలో ఉండే బామ్మగారి దగ్గరికి వెళ్ళు. ఆమెకు తొంభై దాటాయి, పెళ్ళై వచ్చినప్పటి నుంచి ఆ ఇంట్లోనే ఉంది. పొద్దున పది గంటలకు వెళ్తే హుషారుగా మాట్లాడుతుంది, మధ్యాహ్నం నిద్రపోతుంది. ఎడమ చెవి వినబడదు, కుడి పక్కన కూర్చో.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న