పేలిపోయే నియమాన్ని పరిశీలించబోయే మనవరాలికి

నల్లకుంట,
హైదరాబాద్.

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

కళాశాల ప్రాజెక్టుకు, గళ్ల పట్టికలో ప్రతి గడీ పొరుగు గళ్లను బట్టి తరతరానికీ పుడుతూ చస్తూ ఉండే సీడ్స్ అనే సెల్యులార్ ఆటోమేటన్‌ను ఎంచుకున్నావని, రెండు గళ్లతో మొదలుపెట్టినా చూస్తుండగానే తెరంతా నిండిపోతోందని, ఇక నివేదికలో రాయడానికి ఏముందో తోచడం లేదని మీ నాన్న చెప్పాడు. ఈ నియమంలో తెర నిండటం విశేషం కాదు. ఏ అమరిక ఎందుకు నిండుతోంది, ఏది నిండకుండా ఆగుతోంది అన్నదే నీవు రాయవలసిన విషయం.

ముందు లాప్‌టాప్ మూసి, కోఠీలో ఒక గ్రాఫ్ పుస్తకం కొనుక్కో. బి2/ఎస్ అని రాసే ఈ నియమంలో (బి అంటే పుట్టుక, ఎస్ అంటే బతికి మిగలడం; పక్కనున్న అంకెలు అందుకు కావలసిన పొరుగుల సంఖ్యలు), బతికి ఉన్న ప్రతి గడీ మరుసటి తరంలో తప్పక చనిపోతుంది; చుట్టూ ఉన్న ఎనిమిది గళ్లలో సరిగ్గా రెండు బతికి ఉంటేనే ఖాళీ గడిలో కొత్త ప్రాణం పుడుతుంది. పక్కపక్కనే రెండు గళ్లు అడ్డంగా నింపి, నాలుగు తరాలు పెన్సిలుతో వేసి చూడు. బతికి ఉన్న గళ్ల లెక్క 2, 4, 6, 8 అని సాగుతుంది. తరువాతిది 10 అని ఊహించి రాయకు. వేసి చూస్తే 14 వస్తుంది.

వేస్తున్నంతసేపూ నీ కన్ను అంచు మీదే ఉండాలి. అన్నిటికన్నా పై వరుసలో ఒక జంట ఉన్నదనుకో. దానిపైన ఉన్న ఖాళీ గళ్లకు పొరుగువారు ఆ వరుసలోనే తప్ప మరెక్కడా లేరు కాబట్టి, జంటకు సరిగ్గా పైనున్న రెండు గళ్లకు మాత్రమే రెండేసి పొరుగులు దొరుకుతాయి, అక్కడే కొత్త జంట పుడుతుంది, వెనుక ఎంత గందరగోళం ఉన్నా ఈ జంటను అది ఎన్నటికీ అందుకోలేదు. తరానికి ఒక గడి చొప్పున, అంటే ఈ లోకంలో సాధ్యమైన అత్యధిక వేగంతో, అది సాగిపోతుంది. కింది అంచుకూ ఇదే వర్తిస్తుంది కనుక, n తరాల తరువాత అమరిక ఎత్తు 2n+1 వరుసలు. ఇంత చిన్న వాదనతో అనంతమైన పెరుగుదల రుజువైంది. నీ నివేదికలో మొదటి పుట ఇదే కావాలి.

1970లో వెలుగు చూసిన, ఇలాంటిదే అయిన తన లైఫ్ ఆటలో గణితవేత్త జాన్ కాన్వే కోరుకున్నది దీనికి సరిగ్గా విరుద్ధం. హద్దు లేకుండా పెరుగుతుందని తేలికగా రుజువు చేయగల అమరిక ఉండరాదన్నది ఆయన షరతు. అక్కడ పుట్టుకకు మూడు పొరుగులు కావాలి. అంచు వరుసలో వరుసగా ఎన్ని గళ్లున్నా వాటి ముందు రెండు తక్కువే పుడతాయి, కాబట్టి ఆ వేగంతో సాగే అంచు తరతరానికీ కుంచించుకుపోయి ఆగుతుంది. ఆర్-పెంటోమినో అనే అయిదు గళ్ల అమరిక కూడా 1103 తరాలు కొట్టుమిట్టాడి 116 గళ్లతో స్థిరపడుతుంది.

ఇప్పుడు అదే రెండు గళ్లను సీడ్స్‌లో ఐమూలగా పెట్టు. ఆ రెండింటికీ ఉమ్మడి పొరుగులు మిగిలిన రెండు మూలలే. మరుసటి తరంలో అవి పుడతాయి, ఆపై తరంలో మొదటివి తిరిగి వస్తాయి. రెండేసి గళ్ల ఆ చిన్న చదరం దాటి ఎప్పుడూ బయటికి రాదు. నా దృష్టిలో ఈ నియమం మొత్తంలో ఇంతకంటే ముచ్చటైన విషయం లేదు. పేలకుండా నిలిచే ఇలాంటి అమరికలను వెతకడానికే నీ సమయంలో ఎక్కువ భాగం కేటాయించు.

ప్రోగ్రాము నీవే రాస్తే, పాత తరానికీ కొత్త తరానికీ వేర్వేరు పట్టికలు పెట్టుకో. చేతితో వేసిన 2, 4, 6, 8, 14 తో సరిపోలకపోతే ముందు అక్కడే వెతుకు. ఇలాంటి ఆటలను నడిపించే గాలీ అనే సాఫ్ట్‌వేర్ వాడితే క్విక్‌లైఫ్ పద్ధతి ఎంచుకో. అందులోనే ఉన్న, బిల్ గాస్పర్ రూపొందించిన హ్యాష్‌లైఫ్ ఎంత గొప్పదైనా, అది పునరావృతమయ్యే అమరికల మీద ఆధారపడినది. ఈ గందరగోళంలో దానికి పట్టు దొరకదు, మెమొరీ మాత్రం తినేస్తుంది. తరాలు పది రెట్లయితే విస్తీర్ణం సుమారు వంద రెట్లవుతుందని గుర్తుంచుకుని వెయ్యి తరాల దగ్గర ఆపు. అంతకు మించి కావాలంటే ఎదురెదురు అంచులు కలిసిపోయే పట్టిక, అంటే టోరస్ మీద నడిపించు, కానీ అక్కడ అంచు వాదన చెల్లదని నివేదికలో స్పష్టంగా రాయి.

చివరగా, రెండు, మూడు లేదా నాలుగు పొరుగులున్నా ప్రాణం పుట్టే బి234/ఎస్ నియమంలో నాలుగు గళ్ల చదరంతో మొదలుపెట్టు. సంక్రాంతి ముగ్గులా నాలుగు వైపులా ఒకేలా పరుచుకుంటుంది. నియమానికి కుడి ఎడమల తేడా లేదు కాబట్టి ఆ సౌష్ఠవం ఎన్ని తరాలైనా చెదరదు. చెదిరిందంటే తప్పు నీ ప్రోగ్రాములోనే ఉన్నట్టు. ఆ తరువాత మొదటి అమరికలో ఒక గడి అదనంగా నింపి, ఎన్నో తరంలో ఏ భాగం వరకు పోలిక పోయిందో పక్కపక్కన వేసి కొలుచుకో. ఆ కొలతల పట్టిక తయారైన తరువాత ఆదివారం ఇంటికి తీసుకురా. అంచు వాదనను బి2 ఉన్న మిగతా నియమాలకు ఎంతవరకు విస్తరించవచ్చో కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ తాతయ్య