జర్మనీ వర్క్ వీసా మీద వెళ్తుంటే హెల్త్ ఇన్సూరెన్స్ ఎలా? అమ్మానాన్నల సంగతేంటి?

మీరు రాసింది ఇలా అర్థమైంది. మ్యూనిక్‌లో ఉద్యోగం, ఏడాదికి 60,000 యూరోల జీతం, బ్లూ కార్డ్ (చదువుకున్న విదేశీ ఉద్యోగులకిచ్చే వర్క్ పర్మిట్). జాయినింగ్ ఒకటో తారీఖున, కానీ ఇల్లు వెతుక్కోవడానికి రెండు వారాల ముందే దిగుతారు. మీ ఆవిడ, మూడేళ్ల పాప తర్వాత వస్తారు. గాజువాకలో అమ్మానాన్న ఉంటారు, నాన్నగారికి షుగర్. ద్వారకానగర్‌లో కన్సల్టెన్సీ ఆయన నెలకు 70 యూరోలకే ‘ఫుల్ కవర్’ ప్రైవేట్ పాలసీ ఇప్పిస్తానంటున్నాడు. తీసుకోవాలా, అది పేరెంట్స్‌కి కూడా వర్తిస్తుందా అని అడిగారు.

నేను కొన్నేళ్లు స్టుట్‌గార్ట్‌లో పనిచేసి వైజాగ్ తిరిగొచ్చేశాను. ఆ అనుభవంతో చెప్తున్నాను.

ఉద్యోగంలో చేరాక ఆ 70 యూరోల పాలసీ మీకు చెల్లదు. జర్మనీలో జీతం మీద పనిచేసేవాళ్లు ఏడాది జీతం ఒక పరిమితి దాటకపోతే చట్టప్రకారం ప్రభుత్వ పద్ధతిలో నడిచే బీమా సంస్థలోనే చేరాలి. 2026కి ఆ పరిమితి 77,400 యూరోలు. మీ జీతం 60,000 కాబట్టి ప్రైవేటా, పబ్లిక్కా అన్న ప్రశ్నే లేదు. ఈ సంస్థల్ని క్రాంకెన్‌కాస్సె అంటారు, ఇక్కణ్ణుంచి కాస్సె అని రాస్తాను. టీకే, బార్మర్, ఏఓకే, ఇలా చాలా ఉన్నాయి. ఏది కావాలో మీరే ఎంచుకుని హెచ్‌ఆర్‌కి చెప్తే చాలు, మిగతా రిజిస్ట్రేషన్ కంపెనీ చూసుకుంటుంది. వైద్య సదుపాయాల్లో వీటి మధ్య తేడా చాలా తక్కువ. ఇంగ్లిష్‌లో మాట్లాడే కస్టమర్ కేర్ ఉందా, యాప్ బాగుందా, అదనపు చందా ఎంత, ఈ మూడూ చూసి ఎంచుకోండి. దీనికోసం రాత్రుళ్లు కూర్చుని రివ్యూలు చదవక్కర్లేదు.

అయితే కన్సల్టెన్సీ ఆయన చూపించిన కాగితం పూర్తిగా పనికిరానిదేం కాదు. ఆ ధరకి వచ్చేది బహుశా ఇన్‌కమింగ్ ఇన్సూరెన్స్ అనే రకం, అంటే బయటి దేశం నుంచి కొత్తగా వచ్చేవాళ్లకిచ్చే తాత్కాలిక పాలసీ అయ్యుంటుంది. అది మీకు కావాలి కూడా, కానీ ఆ రెండు వారాలకే. కాస్సె కవర్ మొదలయ్యేది ఉద్యోగం మొదలైన రోజు నుంచి. మీరు ఫ్లైట్ దిగిన రోజు నుంచి ఆ ఒకటో తారీఖు దాకా మీ మీద ఏ కవరూ ఉండదు. వీసా ఫైల్‌లో అడిగే ఇన్సూరెన్స్ ఈ ఖాళీ కోసమే. మామూలు షెంగెన్ (యూరప్ టూరిస్టు వీసా) ట్రావెల్ పాలసీ తీసుకుంటే చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంటుంది చూడండి. టూరిస్టులా వచ్చి వెళ్లిపోయేవాళ్లకే తప్ప, దీర్ఘకాలం ఉండటానికి వచ్చేవాళ్లకి వర్తించదని చాలా పాలసీల్లో రాసి ఉంటుంది. అందుకే ఇన్‌కమింగ్ రకమే తీసుకోండి. కవర్ 30,000 యూరోలకి తగ్గకూడదు. జాయినింగ్ తేదీ వాయిదా పడే అవకాశం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి రెండు వారాలకి కాకుండా ఒక నెలకి తీసుకోండి. ఆరు నెలలకీ ఏడాదికీ అంటగడతానంటే మాత్రం ఒప్పుకోకండి. ఇంకో మాట. ఈ పాలసీల్లో పాత జబ్బులకి కవర్ ఉండదు. మీకు బీపీ మాత్రల్లాంటివి ఉంటే కొన్ని వారాలకి సరిపడా తీసుకెళ్లండి. డాక్టర్ చీటీలో కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు ఇంగ్లిష్‌లో రాయించుకోండి. ఇక్కడి బ్రాండ్ పేరు చెప్తే అక్కడి ఫార్మసీలో ఎవరికీ తెలియదు.

ఖర్చు ఎంతో ముందే తెలిస్తే మొదటి పే స్లిప్ చూసి గుండె గుభేల్‌మనదు. 2026లో మామూలు చందా జీతంలో 14.6 శాతం, దాని మీద కాస్సెని బట్టి మారే అదనపు చందా, దీని సగటు 2.9 శాతం. రెండిట్లోనూ సగం కంపెనీ కడుతుంది. నెలకి 5,000 యూరోల జీతం మీద మీ వాటా సుమారు 437 యూరోలు. దీనికి తోడు వృద్ధాప్య సంరక్షణ కోసం ఇంకో బీమా ఉంది, అది కూడా తప్పనిసరే. పిల్లలున్నవాళ్లకి అందులో ఉద్యోగి వాటా 1.8 శాతం, పిల్లలు లేనివాళ్లకి 2.4. ఇక్కడే మనవాళ్లు చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. పాప జర్మనీలో మీతో లేకపోతే మీకు పిల్లలున్నట్టు కంపెనీకి ఎలా తెలుస్తుంది? జీవీఎంసీ (విశాఖ కార్పొరేషన్) ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్ మొదటి వారంలోనే హెచ్‌ఆర్‌కి ఇచ్చెయ్యండి. నెలకి 30 యూరోలు మిగులుతాయి.

ఇంత కోస్తారా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ మీ ఆవిడకి ఉద్యోగం లేకపోతే ఆమె, పాప ఇద్దరూ ఇదే చందా మీద పైసా అదనంగా కట్టకుండా కవర్ అవుతారు. ఆమెకి ఉద్యోగం వస్తే తన పేరు మీద వేరే సభ్యత్వం మొదలవుతుంది, అంతే. ప్రైవేట్‌లో మనిషికో ప్రీమియం, చేరేముందు ఆరోగ్యం గురించి బోలెడు ప్రశ్నలు, కాన్పు ఖర్చుకి సాధారణంగా ఎనిమిది నెలల వెయిటింగ్, అంటే అప్పటిదాకా ఆ ఖర్చు ఇవ్వరు. కాస్సెలో వెయిటింగ్ అనే మాటే లేదు, గర్భంతో వచ్చి చేరినా మొదటి రోజు నుంచి చూస్తారు. రేపు మీ జీతం పరిమితి దాటాక ఏజెంట్లు ఫోన్లు చేస్తారు. ముప్పైల్లో ఉన్నవాళ్లకి ప్రైవేట్ చవగ్గానే కనిపిస్తుంది. వయసుతో పాటు ఆ ప్రీమియం పెరుగుతూ పోతుంది, 55 దాటాక వెనక్కి రావడం దాదాపు అసాధ్యం. కుటుంబంతో ఉండేవాళ్లు ప్రైవేట్ జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. పెళ్లి కాని, పెద్ద జీతం ఉన్న కుర్రాళ్లు వేరేలా ఆలోచించొచ్చు.

కార్డు సంగతి కూడా చెప్పాలి. ఫోటో ఉన్న హెల్త్ కార్డు పోస్టులో వస్తుంది, వెంటనే రాదు. మేం వెళ్లిన కొత్తలో మా బాబుకి చెవి నొప్పి వచ్చింది. పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే రిసెప్షన్‌లో ఆవిడ చెయ్యి చాపి కార్డు అడిగింది. కార్డు ఇంకా రాలేదు. బిల్లు చేతికిస్తారేమో అని టెన్షన్ పడుతుంటే ఆవిడే కాస్సె పేరు అడిగి, వాళ్లకి ఫోన్ చేసి తాత్కాలిక సర్టిఫికెట్ పంపించమంది. పది నిమిషాల్లో పక్కనున్న మెషీన్ గరగరమంటూ ఒక కాగితం కక్కింది. ఫ్యాక్స్! మన దగ్గర ఎప్పుడో అటకెక్కిన మెషీన్ అక్కడ మా వాడి చెవిని కాపాడింది. ఆ కాగితం పేరు ఎర్జాట్స్‌బెషైనిగుంగ్. నోరు తిరగకపోయినా పేరు రాసిపెట్టుకోండి, కార్డు వచ్చేదాకా అదే మీ కార్డు.

జేబులోంచి పెట్టుకోవాల్సింది చాలా తక్కువ. మందుల చీటీ మీద ఒక్కో మందుకి 5 నుంచి 10 యూరోలు, ఆస్పత్రిలో చేరితే రోజుకి 10 యూరోలు, అదీ ఏడాదిలో 28 రోజుల వరకే. పిల్లలకి అదీ లేదు. డబ్బు కన్నా మనల్ని సతాయించేది అపాయింట్‌మెంట్. రామ్‌నగర్‌లోనో మహారాణిపేటలోనో సాయంత్రం టోకెన్ తీసుకుని అదే రోజు స్పెషలిస్టుకి చూపించుకునే అలవాటు మనది. అక్కడ స్కిన్ డాక్టర్ దొరకడానికి నెలలు పట్టొచ్చు. 116117 నంబర్ దగ్గర పెట్టుకోండి. ప్రాణం మీదకి రాని జబ్బులకి రాత్రిళ్లు, సెలవు రోజుల్లో డాక్టర్ ఎక్కడున్నారో చెప్తారు, స్పెషలిస్టు అపాయింట్‌మెంట్‌కీ సాయం చేస్తారు. నిజమైన ఎమర్జెన్సీకి 112.

పంటి క్యాప్‌లకి కాస్సె కొంత భాగమే ఇస్తుంది, పెద్దవాళ్ల కళ్లజోళ్లకి చాలావరకు ఏమీ ఇవ్వదు. ఆ రెండు పనులూ ఇక్కడే కానిచ్చేసి విమానం ఎక్కండి.

ఇక మీరు ఒక్క లైన్లో అడిగేసిన విషయం, నా లెక్కలో అన్నిటికన్నా పెద్దది: అమ్మానాన్న. కాస్సెలో ఫ్యామిలీ అంటే భార్య లేదా భర్త, పిల్లలు. తల్లిదండ్రులు రారు. కన్సల్టెన్సీ ఆయన పాలసీ కూడా వాళ్లకి దేనికీ పనికిరాదు. ఇప్పుడు వాళ్లు మీ ఆఫీసు గ్రూప్ పాలసీలో ఉన్నారని రాశారు. మీ రిలీవింగ్ రోజుతో అది సాధారణంగా ఆగిపోతుంది.

నాకు బాగా తెలిసిన ఒక కొలీగ్ ఇంట్లో జరిగింది చెప్తాను. అతను రిలీవ్ అయి, సామాను సర్దుకుని, వెళ్లిపోయాడు. కొద్ది వారాలకే వాళ్ల నాన్నగారికి ఛాతీ నొప్పొచ్చి ఇక్కడే ఒక ఆస్పత్రిలో చేర్చారు. వాళ్లమ్మగారు పర్సులోంచి లామినేట్ చేసిన పాత ఈ-కార్డు తీసి ఇన్సూరెన్స్ డెస్క్‌లో ఇచ్చారు. డెస్క్‌లో కూర్చున్న అబ్బాయి నంబర్ కొట్టి చూసి, ‘ఇది యాక్టివ్‌లో లేదమ్మా, అడ్వాన్స్ కట్టండి’ అన్నాడు. ఆవిడకి అర్థం కాలేదు, ఆరు నెలల క్రితం కంటి ఆపరేషన్‌కి ఇదే కార్డు పనిచేసింది కదా. ఆ రాత్రి ఫిక్స్‌డ్ డిపాజిట్ పత్రాలు పట్టుకుని మేనమామ తిరిగాడు.

మీరు రాజీనామా ఇచ్చిన వారంలోనే హెచ్‌ఆర్‌ని, ఆ ఇన్సూరెన్స్ కంపెనీని ఈమెయిల్‌లో ఒకటే అడగండి: గ్రూప్ పాలసీ నుంచి అదే కంపెనీ వ్యక్తిగత పాలసీకి మా పేరెంట్స్‌ని మైగ్రేట్ చెయ్యాలి, ప్రాసెస్ ఏంటి? ఈ అవకాశం ఐఆర్‌డీఏఐ (మన దేశంలో ఇన్సూరెన్స్ కంపెనీల్ని నియంత్రించే సంస్థ) నిబంధనల్లో ఉంది. గ్రూప్‌లో గడిపిన కాలం వెయిటింగ్ పీరియడ్‌లో కలుస్తుంది, షుగర్ ఉన్న మనిషికి అదే ముఖ్యం. కొత్తగా పాలసీ తీసుకుంటే పాత జబ్బులకి మూడేళ్ల వరకు వెయిటింగ్ పెట్టొచ్చు, 2024 ఏప్రిల్ ముందు అది నాలుగేళ్లు. ఫారంలో షుగర్ ఎప్పటినుంచి ఉందో, ఏ మాత్రలు వాడుతున్నారో ఉన్నదున్నట్టు రాయండి. ప్రీమియం తగ్గుతుందని ఏజెంట్ దాచమంటే ఆ ఏజెంట్‌నే మార్చండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ తీసేశారు, అంతకుముందు 18 శాతం ఉండేది, అది కొంత ఊరట. కొత్త పాలసీ మొదలయ్యే తేదీ మీ రిలీవింగ్ తేదీ మర్నాడే ఉండేలా చూసుకోండి, మధ్యలో ఒక్క రోజు ఖాళీ వద్దు.

మీ నాన్నగారు ఎక్కడ చేసి రిటైరయ్యారో రాయలేదు. గాజువాక అన్నారు కాబట్టి అడుగుతున్నాను. స్టీల్‌ప్లాంటో, పోర్టో అయితే రిటైరైనవాళ్లకి సంస్థ తరఫున ఏ వైద్య సదుపాయం ఉందో ముందు కనుక్కోండి. డాక్‌యార్డులో సివిలియన్‌గా చేసి కేంద్ర ప్రభుత్వ పెన్షన్ తీసుకుంటుంటే సీజీహెచ్ఎస్‌కి (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్ల వైద్య పథకం) అర్హత ఉంటుంది. అలాంటిది ఉంటే పైన చిన్న టాప్-అప్ (ఉన్న కవర్ దాటిన ఖర్చుకి ఇచ్చే అదనపు పాలసీ) చాలు. పాలసీ కాగితం, ఆధార్ కాపీలు, టోల్‌ఫ్రీ నంబర్ ఒకే కవర్లో పెట్టి ఫ్రిజ్ పైనో, బీరువాలోనో ఒక చోట ఉంచండి. దగ్గర్లో ఉండే బావగారికో, పక్కింటి వాళ్లకో ఆ కవర్ చూపించి వెళ్లండి. రాత్రి రెండింటికి వాట్సాప్‌లో పీడీఎఫ్ వెతకడం పెద్దవాళ్లకి చేతకాదు.

సెలవులకి వైజాగ్ వచ్చినప్పుడు కాస్సె ఇక్కడి ఖర్చు ఇవ్వదు. జర్మనీలోనే ఏడాదికి కొద్దిపాటి యూరోలకి విదేశీ ప్రయాణాల పాలసీ దొరుకుతుంది. ఒక్కో ప్రయాణానికి ఎన్ని రోజులు కవర్ చేస్తారో చూసుకోండి, చాలావాటిల్లో ఆరు నుంచి ఎనిమిది వారాలే. మీ పేరు మీద ఇక్కడ సొంత పాలసీ ఏదైనా ఉండి, తిరిగి వచ్చే ఆలోచన ఉంటే దాన్ని ఆపకండి. నేను ఆపలేదు, వచ్చాక మళ్లీ మొదట్నుంచి వెయిటింగ్ లెక్కపెట్టుకోవాల్సిన బాధ తప్పింది.

పాప గురించి ఒక మాట. 2020 మార్చి నుంచి జర్మనీలో కిండర్‌గార్టెన్‌లో చేర్చాలంటే తట్టు టీకా వేయించినట్టు రుజువు చూపించాలి. మూడేళ్ల పాపకి రెండు డోసులూ పడి ఉండాలి. మన టీకాల కార్డు మీద తేదీలు గొలుసుకట్టు రాతలో ఉంటాయి, కొన్ని చోట్ల స్టాంపే ఉండదు. మీ ఆవిడ బయల్దేరేలోపు పిల్లల డాక్టర్ దగ్గర టీకాల పేర్లు, తేదీలు ఇంగ్లిష్‌లో టైప్ చేయించి సంతకం, ముద్ర వేయించుకోమనండి.