మేక తలకాయతో మొదలుపెట్టు

చి. సుజాతకు పెదనాన్న ఆశీస్సులు.

తొమ్మిదో తరగతికి క్షీరదాల పాఠం ఎలా చెప్పమంటావని అడిగావు. పాలిచ్చేవి, వెంట్రుకలున్నవి, పిల్లల్ని కనేవి అని బోర్డు మీద రాసి మొదలుపెట్టకమ్మా. మూడో లక్షణం దగ్గరే తప్పు దొర్లుతుంది. ప్లాటిపస్సూ, నాలుగు జాతుల ఎకిడ్నాలూ గుడ్లు పెట్టే క్షీరదాలే. అందుకే మేక తలకాయతో మొదలుపెట్టు. జంతువుల గుంపుల తేడా చాలావరకు నోట్లోనే కనిపిస్తుంది.

పాఠానికి నెలన్నర ముందే పని మొదలవ్వాలి. మటన్ కొట్టతనికి ముందురోజే చెప్పు: కాల్చొద్దు, భేజా కోసం పగలగొట్టొద్దు. మంట తగిలితే పళ్ళు పెళుసెక్కి చిట్లుతాయి. గ్లౌజులు వేసుకుని తోలు, కళ్ళు, నాలుక, వచ్చినంత మాంసం తీసెయ్. మెడవైపు కన్నంలో పుల్ల పెట్టి మెదడు కదిపి, నీళ్ళతో కడిగెయ్. తొందరపడి ఉడకబెట్టావంటే కొవ్వు ఎముకలోకి ఇంకి ఎప్పటికీ పచ్చగా, జిడ్డుగా ఉండిపోతుంది. మూతున్న బకెట్లో నీళ్ళు పోసి తల ముంచి, ఇళ్ళకు దూరంగా, కుక్కలకు అందని చోట ఎండలో పెట్టు. వేడి రోజుల్లో రెండు మూడు వారాలకు మెత్తటిదంతా కుళ్ళి ఊడొస్తుంది. మూడు నాలుగు రోజులకోసారి సగం నీళ్ళే మార్చు. మొత్తం మారిస్తే కుళ్ళబెట్టే బాక్టీరియా కూడా పోయి పని వెనకబడుతుంది. పారబోసేటప్పుడు పాత గుడ్డలో వడగట్టడం మర్చిపోకు. ముందు పళ్ళు వదులై రాలతాయి, ఒక్కటి పోయినా లెక్క తప్పుతుంది.

ఆ తర్వాత సర్ఫు కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో ఒక వారం, మెడికల్ షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఒక రోజు ఉంచు. బ్లీచింగ్ పౌడర్ మాత్రం వద్దు, ఎముక సుద్దలా పొడి రాలుతుంది. నీడన ఆరనిచ్చి, రాలిన పళ్ళను వాటి గుంటల్లోనే ఫెవికాల్‌తో అతికించు.

కింది దవడ నడుమ రెండుగా విడిపోతే కంగారుపడకు. మేకకు అక్కడ గట్టిగా అతుక్కోదు. విడిపోతే నీకే మేలు: ఒక్కో సగం ఒకే ఎముక అని పిల్లలు చేత్తో పట్టుకుని చూస్తారు. బల్లికి ఒక్కో సగంలో చాలా ఎముకలుంటాయి. మన పూర్వీకుల్లో దవడ కీలుగా పనిచేసిన రెండు ఎముకలు చిన్నవై మధ్యచెవిలో చేరాయి, మన చెవిలో మూడు బుల్లి ఎముకలున్నది అందుకే. పాలు శిలాజంలో మిగలవు, వెంట్రుకలు మిగలడం అరుదు. ఏ శిలాజం క్షీరదానిదో తేల్చడానికి ఈ దవడే పెద్ద ఆధారం.

ఇక పళ్ళు. పైన ముందు వైపు ఒక్కటీ లేదు, బతికున్నప్పుడు అక్కడ గట్టి చిగురు మాత్రమే. కింద ముందు 8. వాటిలో అటూ ఇటూ చివర ఉన్నవి అసలు కోరలే, కొరికే పళ్ళ రూపం తెచ్చుకున్నాయి. తర్వాత ఖాళీ. ఆపై ఒక్కో పక్క పైన 6, కింద 6 నమిలే పళ్ళు. మొత్తం 32. ఇప్పుడు పిల్లల్ని తమ పళ్ళు నాలుకతో లెక్కపెట్టుకోమను. చాలామందికి 28 వస్తాయి, జ్ఞానదంతాలు వస్తే మనకూ 32. సంఖ్య ఒకటే, అమరిక వేరు. ఎందుకో వెంటనే చెప్పెయ్యకు, కాసేపు వాళ్ళనే తేల్చుకోనివ్వు. మేకలు మేపే ఇంటి పిల్లలుంటే రెండు పళ్ళది, నాలుగు పళ్ళది అని వయసు ఎలా కడతారో వాళ్ళచేతే చెప్పించు. నడిమి పాలపళ్ళ జత ఏడాది దాటాక మారుతుంది, ఆపై సుమారు ఏడాదికొక జత. మొసలికైతే ఊడినచోట మళ్ళీ మళ్ళీ మొలుస్తాయి.

మిగతా గుంపుల్ని బొమ్మలతో చెప్పు. ఎలుకకు 16 పళ్ళే, కోరలుండవు, ముందు పళ్ళు జీవితాంతం పెరుగుతాయి. చుంచు నోట్లో ఎలుకకున్నంత ఖాళీ ఉండదు, పురుగుల్ని పట్టే సూది పళ్ళు వరసగా ఉంటాయి. కాబట్టి అది ఎలుకల గుంపుది కాదు. ముళ్ళపంది మాత్రం ఎలుకల గుంపుదే. కుందేలుకు పై ముందు పళ్ళ వెనక మరో చిన్న జత దాగి ఉంటుంది. కుక్కకు 42, మన అడవుల రేసుకుక్కకు 40, పిల్లికి 30. మూడింటికీ చెంప పళ్ళలో ఒక జత కత్తెరలా ఆడుతుంది. మన అడవుల ఎలుగుబంటికి పైన నడిమి రెండు పళ్ళుండవు, చెదల్ని ఆ సందులోంచే పీలుస్తుంది. ఒంటినిండా పొలుసులుండే అలుగుకు పళ్ళే లేవు. ఏనుగు దంతాలు కోరలు కావు, పై కొరికే పళ్ళు. కంగారూల వంటి సంచి జంతువులకు ఒక పీరియడ్ చాలు.

ఉత్సాహంలో పిల్లలు వీధికుక్క నోరు తెరవబోతారు, చచ్చిన ఎలుకను తెస్తారు. రేబిస్, ఎలుకజ్వరం సంగతి ముందే చెప్పు. అడవిలో రాలిన దుప్పి కొమ్మైనా బడికి తేకూడదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు.

తల పట్టుకున్న ప్రతి పిల్లా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పాఠం అయ్యాక పుర్రె మీద ఇండియన్ ఇంకుతో మేక అని, సంవత్సరం రాసి, మూతున్న పెట్టెలో కలరా ఉండలు వేసి దాచు.

ఇట్లు,
పెదనాన్న