స్పానిష్ నేర్చుకుంటూ చవకబారు సీరియళ్ళు చూడటం కాలం వృథా చేసుకోవడమేనా?

మీరు రెండు సంగతులు అడిగారు. పాఠ్యపుస్తకం పక్కన పెట్టి మెక్సికో సీరియల్ చూస్తుంటే తప్పు చేస్తున్నట్టు అనిపిస్తోందన్నది ఒకటి. దాన్ని మధ్యలో ఆపేసి ఏదైనా మంచి నవల మొదలుపెట్టాలా అన్నది రెండోది. నాకు స్పానిష్ వచ్చింది ఎక్కువగా ఇటువంటి సీరియళ్ళ వల్లే, తారల పెళ్ళిళ్ళూ విడాకులూ తప్ప మరేమీ రాయని వారపత్రికల వల్లే. అందుకని మొదటిదానికి సూటిగానే చెబుతాను: వృథా కాదు. పైగా "భాష కోసమే కదా" అని సర్దిచెప్పుకుంటూ కూడా చూడకండి. ఇష్టంగా చూడండి. కథలో తర్వాత ఏమవుతుందో తెలుసుకోవాలన్న ఆత్రం ఉన్నప్పుడే చెవి చురుగ్గా పనిచేస్తుంది.

తెలుగులో ఇలాంటి సీరియల్ ముందు పది నిమిషాలు కూర్చోలేని నేను, స్పానిష్‌లో అయితే నిద్ర మానుకుని చూసేదాన్ని. ఎందుకిలా అని చాలా ఆలోచించాను. "నేను బతికుండగా ఈ పెళ్ళి జరగదు", "నీ మొహం మళ్ళీ నాకు చూపించకు" వంటి మాటలు సొంత భాషలో చిన్నప్పటి నుంచి విని విని అరిగిపోయి ఉంటాయి. కొత్త భాషలో అవే మాటలు మనకు నిగనిగలాడుతూ కనిపిస్తాయి. నటి నోరు తెరిచేలోపే ఆమె ఏం అనబోతోందో ఊహించడం, సరిగ్గా ఆ మాటే వినిపించడం ఎంత సంతోషమో అనుభవిస్తే తప్ప తెలియదు. ఇంకో విషయం, ఆ భాషలో పుట్టి పెరిగినవాళ్ళకు ఈ అరిగిన మాటలన్నీ ఊహ తెలిసినప్పటి నుంచీ వచ్చు. కోపం వచ్చినా, బతిమాలుకున్నా, ఓదార్చినా వాళ్ళ నోట ముందుగా వచ్చేవి అవే. పరాయివాళ్ళమైన మనకు తక్కువైనది సరిగ్గా ఆ సరుకే. గొప్ప రచయితలు వాటిని పనిగట్టుకుని తప్పించుకుంటారు కాబట్టి గొప్ప పుస్తకాల్లో అవి అంతగా దొరకవు.

సీరియళ్ళలో విమర్శకులు తప్పుపట్టే ప్రతి లక్షణమూ నేర్చుకునేవాళ్ళకు మేలు చేసేదే. నిన్నటి చివరి దృశ్యం ఈ రోజు మళ్ళీ మొదట్లో వస్తుంది. దుష్టపాత్ర ఒంటరిగా గదిలో నిలబడి తన పన్నాగమంతా పైకి చెప్పుకుంటుంది. ఒక రహస్యాన్ని పనిమనిషి వంటమనిషికి చెబుతుంది, వంటమనిషి డ్రైవరుకు చెబుతుంది, డ్రైవరు యజమానికి చేరవేస్తాడు. కథ అంగుళం కదలదు, నిజమే. కానీ ఒకే సంగతిని ముగ్గురు మూడు రకాల వాక్యాల్లో, మూడు కాలాల్లో చెప్పడం విన్నాం కదా! మొదటిసారి అందకపోతే మూడోసారి అందుతుంది. మాట అందకపోయినా నటుల ముఖాలూ, వెనక మోగే సంగీతమూ సగం అర్థం చెప్పేస్తాయి.

వ్యాకరణం దగ్గర నాకు మరీ ఆశ్చర్యం వేసింది. స్పానిష్‌లో అందరినీ ఏడిపించే సబ్‌జంక్టివ్ క్రియారూపాలు ఎక్కడెక్కడ వస్తాయో మీకు తెలిసే ఉంటుంది: ఎదుటివాళ్ళు ఒక పని చేయాలని కోరుకున్నప్పుడు, ఏదో జరుగుతుందేమోనని భయపడ్డప్పుడు, అనుమానించినప్పుడు, ఆశపడ్డప్పుడు. సీరియల్‌లో మనుషులు ఇవి తప్ప మరేం చేస్తారు? నువ్వు వెళ్ళిపోవాలి, అతను బతకాలి, ఆమెకు నిజం తెలియకూడదు. "నువ్వు నా తమ్ముడివని ముందే తెలిసి ఉంటే" అనే మాటకు కావలసిన ఇంకా చిక్కు రూపం కూడా వారానికి ఒకసారైనా వినిపిస్తుంది. పుస్తకంలో పట్టిక చూసి బట్టీపట్టినప్పుడు నిలవనివి, ఎవరో ఆసుపత్రి మంచం పక్కన ఏడుస్తూ అన్నప్పుడు నిలిచిపోయాయి. పట్టిక అవసరం లేదని అనడం లేదు. సీరియల్‌లో విన్నాక పట్టిక చూస్తే తెలిసిన ముఖంలా పలకరిస్తుంది.

పాఠాలు తయారుచేసేవాళ్ళు కూడా ఈ బలాన్ని గుర్తించారు. అమెరికాలో స్పానిష్ నేర్పడానికి 1992లో వచ్చిన 52 భాగాల "దెస్తీనోస్" అనే టీవీ కోర్సును అచ్చంగా లాటిన్ అమెరికా సీరియళ్ళ పద్ధతిలోనే నడిపారు. కుటుంబ రహస్యం, వెతుకులాట, ప్రయాణాలు అన్నీ అందులో ఉన్నాయి. ఇంగ్లీషు టీవీ కార్యక్రమాల్లోని పదాలను స్టువర్ట్ వెబ్, మైకేల్ రాడ్జర్స్ అనే పరిశోధకులు 2009లో లెక్కగట్టారు. బాగా వాడుకలో ఉన్న 3,000 పదకుటుంబాలు (ఒక మూలపదం, దాని నుంచి పుట్టిన రూపాలు కలిపి ఒక కుటుంబం), పేర్ల వంటివి తెలిస్తే వినిపించే మాటల్లో సుమారు 95 శాతం పట్టుబడతాయని తేల్చారు. పుస్తకాలు చదవడం సంగతికి వస్తే, వేరే దేశాల నుంచి అమెరికా వెళ్ళి స్థిరపడిన కొందరు మహిళల మీద పరిశోధకులు క్యుంగ్‌సూక్ చో, స్టీఫెన్ క్రాషెన్ 1994లో ప్రచురించిన అధ్యయనం నాకు చాలా ఇష్టం. ఇంగ్లీషులో అంతగా ముందుకు సాగని ఆ పెద్దవాళ్ళు, చిన్నపిల్లల కోసం రాసిన ఒక తేలికపాటి నవలల వరుసలో పడి, వదలకుండా చదువుకుంటూ పోయారు.

వారపత్రికల గురించి క్లుప్తంగా చెబుతాను. ఫొటో పెద్దది, కింద వ్యాఖ్య చిన్నది, ప్రతి వారం అదే మనుషులు. పదాలు తిరిగి తిరిగి ఎదురవుతాయి. నిఘంటువు దాదాపు తీయక్కర్లేదు. స్పానిష్ పత్రికలు చదవాలనుకునేవాళ్ళు మొదట వీటితోనే మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం.

అయితే చవకబారు అన్నదల్లా తేలిక కాదు. రియాలిటీ షోలు చాలా కష్టం: ఒకరి మీద ఒకరు అరుస్తారు, వాక్యం పూర్తి చేయరు, యాస దట్టంగా ఉంటుంది. హాస్య కార్యక్రమాలు ఇంకా కష్టం, ఎందుకంటే నవ్వంతా మాటల విరుపు మీదా ఆ దేశపు సంగతుల మీదా నడుస్తుంది. మీ స్థాయికి ఇంకా మెక్సికో సీరియలే వేగంగా అనిపిస్తే, స్పానిష్‌లోకి డబ్బింగ్ చేసిన తుర్కియే (టర్కీ) సీరియళ్ళు ప్రయత్నించండి. స్టూడియోలో చెప్పిన మాటలు కాబట్టి స్పష్టంగా వినిపిస్తాయి. పెదవులు కలవకపోవడం కాసేపటికి అలవాటైపోతుంది.

సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే స్పానిష్‌లోనే పెట్టుకోండి. మిట్టరర్, మెక్వీన్ అనే పరిశోధకులు 2009లో డచ్చివాళ్ళకు స్కాట్లాండ్, ఆస్ట్రేలియా యాసల ఇంగ్లీషు వినిపించి చూశారు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఆ యాసకు చెవిని అలవాటు చేశాయి. సొంత భాషలోని సబ్‌టైటిల్స్ అడ్డుపడ్డాయి. నా అనుభవమూ ఇదే. అర్థం తెలిసిన లిపి కళ్ళ ముందుంటే చెవి పని మానేస్తుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. సీరియల్ నుంచి నేర్చుకున్న మాట ఎవరు ఎవరితో అన్నారో కూడా గుర్తుపెట్టుకోండి. ఇంటి పెద్దావిడ పనివాళ్ళతో మాట్లాడే తీరు బ్యాంకులో పనికిరాదు. స్పెయిన్‌లో స్నేహితుల బృందంతో మాట్లాడేటప్పుడు వాడే బహువచన రూపం మెక్సికో సీరియళ్ళలో వినపడదు, కాబట్టి స్పెయిన్ వెళ్ళే ఆలోచన ఉంటే అక్కడి సీరియల్ ఒకటి కూడా చూడండి.

ఇక మంచి సాహిత్యం సంగతి. సీరియళ్ళు మిమ్మల్ని దానికి దూరం చేస్తాయని భయపడనక్కర్లేదు, దగ్గరే చేస్తాయి. 1605లో వచ్చిన సెర్వాంతెస్ నవల "దోన్ కిహోతే" మొదటి భాగం నిలబడిందే అప్పటి జనం ఎగబడి చదివిన వీరుల కథల మీద. ఆ కథలను ఆటపట్టించడమే దాని ఆట. అర్జెంటీనా రచయిత మనుయేల్ పుయిగ్ 1969లో "బొకితాస్ పింతాదాస్" నవలను ధారావాహిక మూసలోనే రాశారు. పెరూ రచయిత మారియో వర్గాస్ యోసా 1977లో రేడియో నాటకాలు రాసే ఒక మనిషిని తన నవల నడిమధ్యన కూర్చోబెట్టారు. నేను ఆ నవల చేతిలోకి తీసుకునేసరికి నా చెవిలో సీరియళ్ళ భాష గూడు కట్టుకుని ఉంది. అందుకే ఎక్కడ ఆయన మూసను పాటిస్తున్నారో, ఎక్కడ కావాలని వంకర తిప్పుతున్నారో పట్టుకోగలిగాను. ఆ రుచి నిఘంటువు ఇవ్వదు.

అందుకని మీ సీరియల్‌ను మధ్యలో ఆపకండి. లాటిన్ అమెరికా సీరియళ్ళకు సాధారణంగా ముగింపు ఉంటుంది, ఏళ్ళ తరబడి సాగవు. ఆఖరి వారం అస్సలు వదలవద్దు. దాచిన రహస్యాలన్నీ అప్పుడే బయటపడతాయి, ఒక్కొక్కరూ కూర్చుని పాతికేళ్ళ గతాన్ని మొదటి నుంచి చెప్పుకొస్తారు. స్పానిష్‌లోని రెండు ముఖ్య భూతకాల రూపాలూ, ఏది ఎక్కడ వాడాలో తెలిసేలా, అంత వరసగా ఒకేచోట వినే అవకాశం నాకు ఏ తరగతిలోనూ దొరకలేదు.